తుమ్మజిగురా, పాల ప్రోటీనా? నూనె మందుకు ఏది మేలు

నీళ్లలో కరగని మందును నూనెలో కరిగించి, ఆ నూనెను సన్నటి బొట్లుగా నీళ్లలో నిలిపితే తాగే మందవుతుంది. బొట్లు మళ్లీ కలిసిపోకుండా వాటి చుట్టూ పొర కట్టే పదార్థమే ఎమల్సిఫయర్. తినే సరుకుల్లో ఎక్కువగా పోటీపడేవి రెండు: అకేషియా గమ్, అంటే తుమ్మజాతి జిగురు, పాల నుంచి తీసే సోడియం కేసినేట్.

చేత్తో నూరి చేసేటట్లయితే అకేషియానే. కాడ్ లివర్ ఆయిల్ లాంటివాటికి ఫార్మసీ ల్యాబుల్లో నేర్పే కొలత 4:2:1. 120 మి.లీ. సీసాకు నూనె 40 మి.లీ., నీళ్లు 20 మి.లీ., జిగురు పొడి 10 గ్రాములు. కల్వంలో తడి ఉండకూడదు, ఉంటే జిగురు ఉండకడుతుంది. పొడిని నూనెలో కలిపాక నీళ్లన్నీ ఒక్కసారే పోసి, ఆపకుండా ఒకే వైపు వేగంగా నూరాలి. తెల్లబడి, నూరుతుంటే చిటచిట చప్పుడు వస్తే కుదిరినట్టే. నీళ్లు కొద్దికొద్దిగా పోశారా, నూనెలో నీటిబొట్లుగా తిరగబడుతుంది. మిగతా నీళ్లు మాత్రం తర్వాత నిదానంగానే పోయాలి. నిలవలో మీగడలా పైకి తేలితే ఊపితే సరిపోతుంది. నూనె విడిపోతే మాత్రం పారబోయడమే.

దీని లోపం, ఈ జిగురులో ఉండే ఆక్సిడేజ్ ఎంజైమ్. విటమిన్ ఎ లాంటి సున్నితమైన మందుల్ని అది పాడుచేస్తుంది. జిగురును ముందుగా 100 డిగ్రీల దగ్గర కాసేపు వేడిచేసి దాన్ని చంపాలి. ఆల్కహాల్ ఎక్కువైనా జిగురు విరిగి అడుగున చేరుతుంది.

పసుపులో ఉండే కర్క్యుమిన్‌కు మాత్రం నా ఓటు కేసినేట్‌కే. బొట్లను బాగా సన్నగా చితక్కొట్టే యంత్రం, హోమోజినైజర్ ఉండాలి, కల్వంతో ఇది అయ్యే పని కాదు. 10 శాతం నూనెకు 1 శాతం కేసినేట్ చాలు. అంత సన్నటి బొట్లకు అకేషియా అయితే ఇంతకు ఎన్నో రెట్లు కావాలి. కేసినేట్ పొడిని నీళ్లలో గంటల తరబడి నానబెట్టకపోతే గడ్డలు మిగిలి బొట్లు పెద్దవవుతాయి.

దీని శత్రువు పులుపు. పులుపును కొలిచే పీహెచ్ 4.6 దగ్గర కేసిన్ గడ్డకడుతుంది, పాలల్లో నిమ్మకాయ పిండినట్టే. కాబట్టి నిమ్మ, నారింజ రుచుల సిరప్‌కు అకేషియానే వాడాలి. పాలు పడనివాళ్లకూ అంతే.

సిరకెక్కించే మందుకు ఈ రెండూ పనికిరావు. మత్తుమందు ప్రొపోఫాల్‌ 1 శాతం ఇంజెక్షన్‌లో ఉండేది సోయా నూనె 10 శాతం, ఎమల్సిఫయర్‌గా గుడ్డు లెసిథిన్ 1.2 శాతం, గ్లిజరాల్ 2.25 శాతం. అందుకే అది పాలలా తెల్లగా ఉంటుంది.