ఐఆర్ఎల్‌జెడ్44ఎన్: ఆ ఒక్క ‘ఎల్’ అక్షరం చూసుకుని కొనండి

కోనసీమ పెంకుటింటి చూరు కింద రెండున్నర మీటర్ల 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్పు, ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో వెలుగు పెంచడం, తగ్గించడం. రెండు వానాకాలాలుగా భారమంతా ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ అనే ఈ మాస్‌ఫెట్‌దే (స్విచ్చిలా కరెంటుని ఆపి, వదిలే ట్రాన్సిస్టర్). అంతకుముందు అక్కడున్న టిప్122 ట్రాన్సిస్టర్‌ని ముట్టుకుంటే చురుక్కుమనేది. డార్లింగ్టన్ (రెండు ట్రాన్సిస్టర్ల జత) కదా, వోల్టు దాకా తనే మింగేస్తుంది. 3 ఆంపియర్లకు 3 వాట్లు! హీట్‌సింక్ లేకుండా అది తట్టుకునేది 2 వాట్లే. ఐఆర్ఎల్‌జెడ్ పెట్టాక ఆ వేడి పావు వాటుకి దిగింది. గేటుకి, అంటే దాన్ని తెరిచే కాలికి, 5 వోల్టులు అందితే దీని నిరోధం 25 మిల్లీఓములు దాటదు. ఇక హీట్‌సింక్‌తో పనేముందనిపిస్తుంది.

పేచీ వచ్చింది రెండో బోర్డుకి. ‘ఐఆర్ఎల్ లేదండి, ఐఆర్ఎఫ్‌జెడ్ ఉందండి. ఆయ్, రెండూ ఒకటేనండి’ అని కొట్టువాళ్లు చేతిలో పెట్టేస్తారు. ఒకటి కాదు. ‘ఎల్’ అంటే లాజిక్ లెవెల్, 5 వోల్టులకే బాగా తెరుచుకునే రకం. ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ త్రెషోల్డ్ (తెరుచుకోవడం మొదలయ్యే గేటు వోల్టేజి) 2 నుంచి 4 వోల్టులని డేటాషీటులో చూసి, మనం 5 ఇస్తున్నాం కదా అనుకుంటే బోల్తా పడ్డట్టే. ఆ అంకె 250 మైక్రోఆంపియర్లు పారే చోటు. అంటే కుళాయి చుక్కలుగా కారుతోందంతే. గొప్పగా రాసుకునే 17.5 మిల్లీఓములు గేటు మీద 10 వోల్టులుంటేనే వస్తాయి.

నా కోపం ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూటు సిమ్యులేటర్ మీద. మోడల్‌లో ఉండేది ఒకే ఒక సగటు పీసు, చేతికొచ్చేది ఆ 2–4 మధ్య ఏదైనా కావచ్చు. తెర మీద చల్లగా ఉన్న ఐఆర్ఎఫ్‌జెడ్ సర్క్యూటు, బోర్డు మీద పూర్తి వెలుగులో డ్రెయిన్–సోర్సు (కరెంటు పారే రెండు కాళ్లు) మధ్య 0.6 వోల్టు చూపించింది. అంటే 1.8 వాట్లు. స్ట్రిప్పు వెలుగులో తేడా మాత్రం కంటికి ఆనదు. ఇప్పుడు మోడల్‌ని కాపీ చేసి, వీటీఓ (త్రెషోల్డ్) విలువకి బదులు ఒక పారామీటరు పెట్టి, స్టెప్ కమాండుతో 2, 3, 4 మూడూ నడిపిస్తాను. ఆల్ట్ నొక్కి ట్రాన్సిస్టర్ మీద క్లిక్ చేస్తే వాట్ల గ్రాఫు వస్తుంది. కంట్రోల్ నొక్కి ఆ గ్రాఫు పేరు మీద క్లిక్ చేస్తే సగటు. పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్, ఆఫ్ చేసి వెలుగు తగ్గించడం) కాబట్టి చూడాల్సింది ఆ సగటే.

సిమ్యులేటర్‌లో సప్లైని 12 అని రాసి వదిలేయకండి. మా వైపు కరెంటు పోయి వచ్చాక ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జింగులో 14 దాటుతుంది. స్ట్రిప్పులో మూడేసి ఎల్ఈడీలు 9 వోల్టుల పైచిలుకు పట్టుకుంటాయి, పెరిగినదంతా చిన్న రెసిస్టరు మీదే పడుతుంది. కరెంటు ఒకటిన్నర రెట్లు, మాస్‌ఫెట్ వేడి రెండింతలు దాటుతుంది. కాబట్టి, ఇందాక పనేముందన్న హీట్‌సింక్ ఎండాకాలంలో ఉండనివ్వండి.

కొన్నది అసలుదో కాదో తెలియాలంటే గేటుకి 5 వోల్టులిచ్చి, 3 ఆంపియర్లు పారించి, మీటరు ముళ్లు సరిగ్గా దాని డ్రెయిన్, సోర్సు కాళ్ల మీదే ఆనించండి. 75 మిల్లీవోల్టులో అంతకు తక్కువో రావాలి. వందలు చూపిస్తే వెనక్కిచ్చేయండి. గేటు నుంచి గ్రౌండుకి 10 కిలోఓముల రెసిస్టరు మరవద్దు, లేకపోతే ఆర్డుయినో లేచేలోపు స్ట్రిప్పు తనంతట తనే మినుకుమంటుంది.

5 వోల్టుల బోర్డు, మూడు నాలుగు ఆంపియర్ల పనైతే ఇది నాకు నచ్చింది. ఈఎస్‌పీ32 (3.3 వోల్టుల బోర్డు) వాడేవాళ్లకు చెప్పలేను: 3.3 వోల్టుల దగ్గర దీని డేటాషీటు ఏ హామీ ఇవ్వదు. ఏఓ3400ఏ అనే మరో మాస్‌ఫెట్‌కి 2.5 వోల్టుల దగ్గరే 48 మిల్లీఓముల హామీ ఉంది. కాకపోతే అది మినప్పప్పు బద్దంత ఉంటుంది, సోల్డరింగులో చెయ్యి తిరిగి ఉండాలి.