జెస్ట్, ఈఎస్ మాడ్యూల్స్: ఒక్క సెట్టింగ్ మీద ఏళ్ల నాటి కోపం

జావాస్క్రిప్ట్ కోడ్‌ని టెస్ట్ చేసే టూల్ జెస్ట్‌ని ఎలా ఇన్‌స్టాల్ చేయాలో, ఎక్స్‌పెక్ట్ ఎలా రాయాలో ఇక్కడ చెప్పను, అవి అందరికీ తెలిసినవే. ఏళ్ల తరబడి వాడాక ఈ టూల్ మీద ఇష్టం తగ్గలేదు గానీ, ట్రాన్స్‌ఫామ్‌ఇగ్నోర్‌ప్యాటర్న్స్ (ఏ ఫైళ్లను మార్చకుండా వదిలేయాలో చెప్పే జాబితా) అన్న ఒక్క సెట్టింగ్ మీద కోపం మాత్రం అలాగే ఉంది. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్‌లతోనే, అంటే ఈఎస్ మాడ్యూల్ (ఈఎస్ఎం) రూపంలోనే పబ్లిష్ అయిన ప్యాకేజీ ఒక్కటి వచ్చి చేరితే చాలు, నిన్నటిదాకా పాసైన టెస్ట్ ఫైళ్లు "అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్ ఎక్స్‌పోర్ట్" అంటూ పడిపోతాయి. చాంతాడంత ఎర్రర్ మెసేజ్ ఈ సెట్టింగ్ పేరు చెబుతుంది, అక్కడిదాకా బాగానే ఉంది. కానీ సెట్టింగ్ మార్చాక కూడా అదే మెసేజ్ అక్షరం పొల్లుపోకుండా మళ్లీ వస్తే, తప్పు ఎక్కడుందో అది చెప్పదు. నా ఫిర్యాదంతా అదే.

సొంత కోడ్ వరకు పెద్ద ఇబ్బంది లేదు. కోడ్‌ని ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే బేబెల్‌ని జెస్ట్‌కి కలిపే బేబెల్-జెస్ట్, జెస్ట్‌తో పాటే వస్తుంది. బేబెల్ రెడీమేడ్ సెట్టింగ్‌ల మూట ప్రీసెట్-ఎన్వ్ పెట్టి, టార్గెట్స్‌లో నోడ్‌కి కరెంట్ అని రాస్తే మన ఇంపోర్ట్‌లన్నీ జెస్ట్ మామూలుగా చదివే పాత కామన్‌జేఎస్ పద్ధతి రిక్వైర్‌లుగా మారతాయి. ప్యాకేజీ.జేసన్‌లో టైప్ అన్నచోట మాడ్యూల్ అని ఉంటే, మాడ్యూల్.ఎక్స్‌పోర్ట్స్‌తో రాసిన బేబెల్ కాన్ఫిగ్ ఫైలు ఎక్స్‌టెన్షన్‌ని సీజేఎస్‌గా మార్చాలి. అంతే.

చిక్కంతా బయటి ప్యాకేజీలు ఉండే నోడ్‌మాడ్యూల్స్ ఫోల్డర్‌తో. డిఫాల్ట్‌గా జెస్ట్ దాన్ని ట్రాన్స్‌ఫామ్ చేయదు. ఫలానా ప్యాకేజీని మాత్రం చెయ్యి అని నేరుగా చెప్పే వీలు లేదు. వదిలేయాల్సిన వాటి జాబితాలోంచి దాన్ని మినహాయించాలి: స్లాష్, నోడ్‌మాడ్యూల్స్, స్లాష్, వెంటనే (?! తో మొదలయ్యే బ్రాకెట్, అందులో ఇంకో బ్రాకెట్‌లో ప్యాకేజీ పేర్లు నిలువు గీతలతో విడదీసి, బయటి బ్రాకెట్ మూసేముందు మళ్లీ స్లాష్. ఆ చివరి స్లాష్ మరిచిపోతే అదే అక్షరాలతో మొదలయ్యే వేరే ప్యాకేజీలు కూడా లోపలికి వస్తాయి. ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటి: ఈ జాబితాలో ఏ ఒక్క ప్యాటర్న్ సరిపోయినా ఫైలుని వదిలేస్తుంది. కాబట్టి పాత నోడ్‌మాడ్యూల్స్ లైను అలాగే ఉంచి కింద కొత్తది చేరిస్తే ఫలితం సున్నా. పాతదాని స్థానంలోనే కొత్తది రాయాలి. రియాక్ట్ నేటివ్ ప్రీసెట్ వాడేవాళ్లకు దీని రెండో ముఖం ఎదురవుతుంది. మనం రాసిన జాబితా ప్రీసెట్‌ది తుడిచేస్తుంది, కాబట్టి ప్రీసెట్ మినహాయించిన పేర్లన్నీ మన ప్యాటర్న్‌లోనూ ఉండాలి.

ప్యాటర్న్ సరిగ్గానే ఉంది, అయినా అదే ఎర్రర్ అంటే చూడాల్సినవి మూడు. మొదటిది బేబెల్ కాన్ఫిగ్ ఫైలు పేరు. డాట్ బేబెల్ఆర్‌సీ అయితే అది తను ఉన్న ప్యాకేజీ హద్దు దాటదు, నోడ్‌మాడ్యూల్స్ లోపలి ఫైళ్లకు వర్తించదు. జెస్ట్ ఆ ఫైలుని బేబెల్‌కి పంపుతుంది, బేబెల్ దాన్ని మార్చకుండానే తిరిగి ఇస్తుంది. బేబెల్.కాన్ఫిగ్ పేరుతో రూట్‌లో పెడితే పనిచేస్తుంది. రెండోది ట్రాన్స్‌ఫామ్ సెట్టింగ్. టీఎస్-జెస్ట్ మామూలు ప్రీసెట్ టైప్‌స్క్రిప్ట్ ఫైళ్లనే పట్టుకుంటుంది, పైగా ట్రాన్స్‌ఫామ్ మనం రాసుకున్నామంటే బేబెల్-జెస్ట్ దానంతట అది రాదు. జేఎస్ ఫైళ్లకు బేబెల్-జెస్ట్‌ని విడిగా చేర్చాలి. మూడోది పీఎన్‌పీఎం అన్న ప్యాకేజీ మేనేజర్. అక్కడ అసలు ఫైలు దారిలో నోడ్‌మాడ్యూల్స్ అన్న పేరు రెండుసార్లు వస్తుంది, మొదటిదాని పక్కన ఉండేది డాట్ పీఎన్‌పీఎం ఫోల్డర్, మన ప్యాకేజీ పేరు కాదు. ప్యాటర్న్ అక్కడే సరిపోయి ఫైలు వదిలేయబడుతుంది. మినహాయింపుల్లో డాట్ పీఎన్‌పీఎం కూడా చేర్చాలి.

ఈ మూడింటికీ, తప్పుడు ప్యాటర్న్‌కీ కలిపి ఎర్రర్ మాత్రం ఒక్కటే! విడదీయడానికి నమ్మదగ్గ దారి ఇది. బేబెల్ సీఎల్ఐని (కమాండ్ లైన్ టూల్‌ని) ప్రాజెక్టు రూట్ నుంచి, నోడ్ఎన్వ్ (NODE_ENV) విలువ టెస్ట్ అని పెట్టి, ఎర్రర్‌లో కనిపించిన ఆ ఫైలు మీదే నడపండి. ఔట్‌పుట్‌లో ఎక్స్‌పోర్ట్ ఇంకా కనిపిస్తే లోపం బేబెల్ కాన్ఫిగ్‌ది. మారిపోయి వస్తే లోపం జెస్ట్ వైపుది, అప్పుడు షోకాన్ఫిగ్ ఆప్షన్‌తో జెస్ట్ నిజంగా తీసుకున్న ప్యాటర్న్ ఏమిటో, ట్రాన్స్‌ఫామ్ ఏమిటో చదవాలి. క్యాష్ మీద అనుమానం ఉంటే నో-క్యాష్‌తో ఒకసారి నడిపితే తేలిపోతుంది.

మార్క్‌డౌన్ వంటి టెక్స్ట్‌ని ప్రాసెస్ చేసే రీమార్క్, యూనిఫైడ్ కుటుంబం వంటివి వాడితే ఇంకో విసుగు. అవన్నీ చిన్న చిన్న ఈఎస్ఎం ప్యాకేజీలు, ఒకదాని పేరు చేర్చగానే ఎర్రర్ పక్కదాని మీదికి జరుగుతుంది. అప్పుడు జాబితాని ఖాళీ అర్రేగా పెట్టి అన్నింటినీ ట్రాన్స్‌ఫామ్ చేయించడం తేలిక. మొదటి రన్ బాగా నెమ్మదిస్తుంది, తర్వాత క్యాష్ ఆదుకుంటుంది. ఇలా చేసేటప్పుడు బేబెల్‌లో సోర్స్‌టైప్ అన్‌యాంబిగ్యువస్ అని పెట్టడం మరవద్దు, లేకపోతే బ్రౌజర్‌లోనూ నోడ్‌లోనూ నడిచేలా రాసిన పాత యూఎండీ ఫైళ్లలో పైస్థాయి దిస్ (this) అన్‌డిఫైన్డ్ అయి కొత్త ఎర్రర్లు పుడతాయి.

అసలు ట్రాన్స్‌ఫామ్ అవసరమే లేని సందర్భం కూడా ఉంది. జెస్ట్ 28 నుంచి ప్యాకేజీ.జేసన్‌లోని ఎక్స్‌పోర్ట్స్‌ని గౌరవిస్తుంది, బ్రౌజర్‌ని అనుకరించే జేఎస్‌డామ్ ఎన్విరాన్‌మెంట్‌లో బ్రౌజర్ కండిషన్ ఎంచుకుంటుంది. ప్యాకేజీలో కామన్‌జేఎస్ బిల్డ్ ఉన్నా ఈఎస్ఎం బ్రౌజర్ బిల్డ్ తగిలేది అందుకే. కస్టమ్‌ఎక్స్‌పోర్ట్‌కండిషన్స్‌లో నోడ్, నోడ్-ఆడాన్స్ అని రాస్తే సరిపోతుంది, కానీ అది అన్ని ప్యాకేజీలకూ వర్తిస్తుంది. ఒక్క ప్యాకేజీ కోసమైతే మాడ్యూల్‌నేమ్‌మ్యాపర్‌లో దాన్ని రిక్వైర్.రిజాల్వ్ ఇచ్చిన దారికి మళ్లించడం మేలు. నానోఐడీ 5, చాక్ 5 వంటి పూర్తి ఈఎస్ఎం ప్యాకేజీలకు ఈ ఉపాయం పనికిరాదు, మళ్లించడానికి అక్కడ కామన్‌జేఎస్ ఉండదు.

ఇంత విసిగించినా జెస్ట్‌ని వదలనివ్వనిది జెస్ట్.మాక్, అసలు మాడ్యూల్ బదులు నకిలీది పెట్టే ఫంక్షన్. ఫైల్లో ఎక్కడ రాసినా ఇంపోర్ట్‌ల పైకి చేరి, మాక్ ముందే సిద్ధంగా ఉంటుంది. అయితే ఆ పని చేసిపెట్టేది బేబెల్ ప్లగిన్, కామన్‌జేఎస్‌గా మారిన కోడ్‌లోనే అది ఫలిస్తుంది. ఎక్స్‌పెరిమెంటల్-వీఎం-మాడ్యూల్స్ ఫ్లాగ్‌తో అసలైన ఈఎస్ఎంలోకి వెళ్తే ఇంపోర్ట్‌లే ముందు నడుస్తాయి. అన్‌స్టేబుల్‌మాక్‌మాడ్యూల్‌కి ఫ్యాక్టరీ ఇచ్చి, టెస్ట్ చేయాల్సిన మాడ్యూల్‌ని ఆ తర్వాత అవెయిట్ ఇంపోర్ట్‌తో తెచ్చుకోవాలి. జెస్ట్ ఆబ్జెక్ట్‌ని కూడా @jest/globals నుంచి విడిగా ఇంపోర్ట్ చేయాలి. నోడ్ 22.12లో ఫ్లాగ్ లేకుండానే ఈఎస్ఎంని రిక్వైర్ చేయొచ్చు కదా అని ఆశపడొద్దు, జెస్ట్ రిక్వైర్ దాని సొంతది, నోడ్‌లో వచ్చిన మార్పు దానికి దానంతట అదే రాదు.

నా ముందున్నది ఎక్కువగా జెస్ట్.మాక్ నిండా ఉన్న పాత కోడ్, అందుకే బేబెల్ దారిలోనే ఉన్నాను. రియాక్ట్ నేటివ్ వాళ్లకూ అదే సౌకర్యం. వీట్ అన్న బిల్డ్ టూల్ మీద కడుతున్న ప్రాజెక్టుకైతే దాని జోడీ టెస్ట్ టూల్ వీటెస్ట్ వైపే మొగ్గుతాను. వీఐ.మాక్ ఈఎస్ఎంలోనూ పైకి చేరుతుంది, ఎక్స్‌టెన్షన్ లేని ఇంపోర్ట్‌లున్న ప్యాకేజీ తగిలినప్పుడు సర్వర్.డెప్స్.ఇన్‌లైన్‌లో దాని పేరు రాస్తే చాలు. మాక్‌లు పెద్దగా లేని చిన్న లైబ్రరీకి నోడ్ 20 నుంచి స్టేబుల్ అయిన నోడ్ సొంత టెస్ట్ రన్నరే సరిపోవచ్చు, అందులో ట్రాన్స్‌ఫామ్ జాబితా అనేదే ఉండదు.