స్లీవా, బైపాసా? నేను ఒకటి, అక్క ఇంకొకటి చేయించుకున్నాక

బరువు తగ్గే ఆపరేషన్ అనగానే అందరూ మొదట అడిగేది ఒకటే: "ఎన్ని కిలోలు తగ్గావు?" ఐదేళ్ల కిందట సర్జన్ ముందు కూర్చుని నేను అడిగిందీ అదే. ఎందులో ఎక్కువ తగ్గుతాను, ఎంత తొందరగా తగ్గుతాను అని. రాత్రిపూట అప్పుడప్పుడూ గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నుతాయన్న సంగతి ఫారంలో ఒక గడిలో టిక్ పెట్టి వదిలేశాను. దాని గురించి వాళ్లు అడగలేదు, నేనూ నోరు విప్పి చెప్పలేదు. ఆపరేషన్‌కి ముందు ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి జీర్ణాశయం దాకా చూసే పరీక్ష కూడా చేయలేదు. ఆ ఒక్క టిక్ దగ్గరే ఆగి మాట్లాడుకుని ఉంటే నేను ఇంకో దారి పట్టేదాన్ని.

నేను చేయించుకున్నది స్లీవ్. ఎనిమిది నెలల తర్వాత మా అక్క బైపాస్ చేయించుకుంది. అప్పుడు నా బరువు 118 కిలోలు, అక్కది 112. తనకి పదేళ్లుగా షుగర్ ఉంది, ఇన్సులిన్ కూడా తీసుకునేది. నాకు షుగర్ లేదు, మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగడం ఉండేవి.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, స్టేపుల్స్ వేసి, సుమారు 75 నుంచి 80 శాతం బయటికి తీసేస్తారు. లోపల సన్నటి గొట్టంలాంటిది మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా దాంతోపాటే పోతుంది. పేగుల జోలికి వెళ్లరు. బైపాస్‌లో ఏదీ బయటికి తీయరు. జీర్ణాశయం పైకొసలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీసి, చిన్నపేగును కోసి, దాన్ని పైకి తెచ్చి ఆ సంచికి అతుకుతారు. కింద పేగుకి పేగుకి ఇంకో అతుకు వేస్తారు. మిగతా జీర్ణాశయం లోపలే ఉంటుంది కానీ తిన్నది దానిలోకి వెళ్లదు. బైపాస్ పాతది, 1966లో అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ మొదలుపెట్టాడు. స్లీవ్ ఇంకో పెద్ద ఆపరేషన్‌లో మొదటి మెట్టుగా వచ్చింది. దాంతోనే చాలామంది బాగా తగ్గుతున్నారని చూశాక విడిగా చేయడం మొదలుపెట్టారు.

నేను స్లీవ్ ఎంచుకోవడానికి కారణం భయం. పేగులు కోసి అతకడం అన్న మాట వినగానే నాకు టెన్షన్ వచ్చేది. "అవసరమైతే స్లీవ్‌ని తర్వాత బైపాస్‌గా మార్చుకోవచ్చు" అని చెప్పారు. అది నిజమే. కానీ రెండోసారి పొట్ట తెరవడంలో ప్రమాదం మొదటిసారి కంటే ఎక్కువని, రెండోసారి బరువు తగ్గేది తక్కువని నేను తర్వాత తెలుసుకున్నాను.

ఆపరేషన్ అయిన మొదటి వారం మా ఇద్దరికీ దాదాపు ఒకేలా గడిచింది. ఇద్దరికీ చిన్న చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతోనే చేశారు. నాకు కోతల దగ్గర నొప్పి కంటే కుడి భుజం నొప్పే ఎక్కువ బాధపెట్టింది. లోపల నింపిన గ్యాస్ వల్ల అలా వస్తుందట. ఆ రాత్రే నర్సు లేపి నడిపించింది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే నడవాల్సిందే. పొద్దున మందు కొలిచే చిన్న ప్లాస్టిక్ కప్పులో నీళ్లు ఇచ్చారు. అది ముప్పై మిల్లీలీటర్ల కప్పు. ఒక్కో చుక్క నాలుక మీద పెట్టుకుని, మింగి, ఆగి, ఛాతీ మధ్యలో ఆ నీళ్లు దిగడం తెలిశాక మళ్లీ ఇంకో చుక్క. కప్పు ఖాళీ కావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతకుముందు గ్లాసు నీళ్లు ఒక్క గుక్కలో తాగేసేదాన్ని.

తర్వాత వారాల తరబడి పల్చటి ద్రవాలు, చిక్కటి ద్రవాలు, మెత్తగా నలిపినవి, ఆపైన మామూలు తిండి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తిన్న తర్వాత అరగంట ఆగాలి. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ లెక్కపెట్టుకోవాలి. మూడో వారంలో ఇద్దరికీ బరువు ఒక్కసారిగా ఆగిపోయింది, నాకు ఏడుపొచ్చింది. చాలామందికి అలా జరుగుతుంది, దానంతటదే కదులుతుంది. నాలుగో నెలలో ఇద్దరికీ జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చింది, ఏడాది తిరిగేసరికి మళ్లీ మొలిచింది. తొందరగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఆరు నెలలు మాత్ర వేసుకున్నాం. ఈ విషయాల్లో రెంటికీ పెద్ద తేడా లేదు.

బరువు సంగతి. ఏడాదిన్నరకి నేను 84కి వచ్చాను, అక్క 76కి. ఇప్పుడు నేను 91, అక్క 79. మా ఇద్దరి లెక్క పక్కన పెట్టినా పెద్ద అధ్యయనాలూ దాదాపు ఇదే మాట చెప్తున్నాయి. ఫిన్లాండ్‌లో 240 మంది మీద చేసి 2018లో ఐదేళ్ల ఫలితాలు ప్రచురించిన అధ్యయనంలో, అదనంగా ఉన్న బరువులో స్లీవ్ వాళ్లు సగటున 49 శాతం, బైపాస్ వాళ్లు 57 శాతం తగ్గి ఉన్నారు. తేడా ఉంది, కానీ మనం ఊహించుకునేంత లేదు. అందుకే కిలోల లెక్కతో ఆపరేషన్‌ని ఎంచుకోవద్దని నేను గట్టిగా చెప్తాను.

అసలు తేడా గుండెమంటలో ఉంది. అదే ఏడాది వచ్చిన స్విట్జర్లాండ్ అధ్యయనంలో, ఐదేళ్లకి ఎసిడిటీ ముదిరినవాళ్లు స్లీవ్‌లో 31.8 శాతం, బైపాస్‌లో 6.3 శాతం. ముందునుంచీ ఎసిడిటీ ఉన్నవాళ్లలో అది పూర్తిగా పోయింది బైపాస్ వాళ్లలో 60.4 శాతం మందికి, స్లీవ్‌లో 25 శాతానికే. స్లీవ్ తర్వాత మిగిలే గొట్టం సన్నగా, బిగుతుగా ఉంటుంది, లోపల ఒత్తిడి ఎక్కువ. అది యాసిడ్‌ని పైకి నెట్టేస్తుంది. బైపాస్‌లో యాసిడ్ తయారు చేసే భాగం చాలావరకు తిండి దారి నుంచి తప్పుకుంటుంది.

అంకెల్లో చదివితే ఇది చిన్న విషయంలా ఉంటుంది. నాకు రెండో ఏడాది నుంచి ఎలా ఉందో చెప్తాను. రాత్రి రెండింటికి ఊపిరి అందక లేస్తాను, గొంతు నుంచి ముక్కు దాకా మంట, నోరంతా చేదు. మంచం తలవైపు కాళ్ల కింద దిమ్మలు పెట్టించాను. సాయంత్రం ఏడు దాటాక ఏమీ తినను. పొద్దున పరగడుపున పాంటాప్రజోల్ అనే ఎసిడిటీ మాత్ర వేసుకోని రోజు లేదు. బట్టలు రెండు సైజులు తగ్గాయి, మోకాళ్లు నొప్పి లేకుండా మెట్లెక్కుతున్నాను, నిద్రలో పెట్టుకునే మాస్క్ పక్కన పడేశాను. ఇవన్నీ నిజం, ఆపరేషన్ చేయించుకున్నందుకు నాకు బాధ లేదు. కానీ పక్కమీద వెల్లకిలా పడుకుని నిద్రపోవడం నాకు మూడేళ్లుగా లేదు.

అక్క విషయంలో షుగర్ చెప్పుకోవాలి. బరువు ఇంకా తగ్గక ముందే, ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే ఇన్సులిన్ ఆపేశారు. పేగు దారి మారడంతో హార్మోన్లు మారి అలా జరుగుతుందట. స్లీవ్‌తోనూ షుగర్ తగ్గుతుంది, కానీ చాలా ఏళ్లుగా ఉన్న షుగర్‌కి బైపాస్ బలమైనదని ఎక్కువమంది సర్జన్లు అంటారు.

అయితే బైపాస్‌కి అక్క కడుతున్న మూల్యం కూడా తక్కువేం కాదు. తీపి తింటే దానికి పడదు. ఒకసారి నా ఎదురుగానే నాలుగు చెంచాల ఐస్‌క్రీమ్ తింది. పది నిమిషాల్లో ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, గుండె దడదడలాడుతోందని సోఫాలో ఒరిగిపోయింది. డంపింగ్ అంటారు దాన్ని. ఒళ్లు నొప్పులొచ్చినా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేసుకోకూడదు, అతుకు దగ్గర పుండు పడుతుంది. పొగ తాగేవాళ్లకీ అదే ప్రమాదం.

ఇక మాత్రలు. మల్టీవిటమిన్, బి12, డి, కాల్షియం సిట్రేట్, ఐరన్. కాల్షియంకీ ఐరన్‌కీ మధ్య రెండు గంటలు ఉండాలి, అందుకని ఫోన్‌లో అలారాలు పెట్టుకుంది. రెండో ఏడాది "ఐరన్ వేసుకుంటే మలబద్ధకం వస్తోంది" అని చెప్పకుండా ఆపేసింది. ఐదు నెలలకి మెట్లెక్కుతుంటే ఆయాసం, హిమోగ్లోబిన్ 8.6. సెలైన్‌లో ఐరన్ ఎక్కించాల్సి వచ్చింది. స్లీవ్ వాళ్లకీ విటమిన్లు జీవితాంతం అవసరమే, నేనూ వేసుకుంటున్నాను. కానీ బైపాస్‌లో తిండి పేగులో మొదటి భాగాన్ని దాటేస్తుంది కాబట్టి మానేస్తే దెబ్బ ఎక్కువ.

ఇంకో మాట, బైపాస్ వాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాల్సింది. ఏళ్ల తర్వాత కూడా పేగు లోపల సందుల్లో ఇరుక్కోవచ్చు. పొట్టలో మెలిపెట్టే నొప్పి తగ్గకుండా ఉంటే, గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకుండా అత్యవసర విభాగానికి వెళ్లి "నాకు బరువు తగ్గే బైపాస్ అయింది" అని మొదటే చెప్పాలి. మామూలు ఎండోస్కోపీతో వాళ్ల పాత జీర్ణాశయంలోకి చూడటం కుదరదు, ఆ సంగతీ డాక్టర్లకి తెలియాలి.

ఈ మధ్య చాలామంది బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అడుగుతున్నారు. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్ మీద 2021లో వచ్చిన అధ్యయనంలో 68 వారాల్లో సగటున ఒంటి బరువులో 14.9 శాతం తగ్గారు. మంచి మందే. కానీ ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. జీవితాంతం వాడగలిగితే, బరువు మరీ ఎక్కువ కాకపోతే ముందు అదే ప్రయత్నించమంటాను. మా ఇద్దరి బరువుకి అది సరిపోయేది కాదని నా అభిప్రాయం.

కాబట్టి నా లెక్క ఇది. గుండెమంట ఉన్నా, ఎండోస్కోపీలో అన్నవాహిక కింద పుండ్లో, జీర్ణాశయం ఛాతీలోకి జారిన హెర్నియానో కనిపించినా, ఇన్సులిన్ దాకా వెళ్లిన షుగర్ ఉన్నా బైపాస్ మేలు. గుండెమంట లేకపోతే, కీళ్ల జబ్బుకి నొప్పి మాత్రలు మానలేకపోతే, పేగుల్లో పాత ఆపరేషన్లు అయి ఉంటే, లేదా మాత్రలు క్రమం తప్పకుండా వేసుకునే మనిషిని కానని నిజాయితీగా అనిపిస్తే స్లీవ్ మేలు. ఎటు వెళ్లినా ముందు ఎండోస్కోపీ చేయించుకోండి, వాళ్లు వద్దన్నా అడగండి.

వచ్చే నెల నాకు ఎండోస్కోపీ ఉంది. అన్నవాహిక దెబ్బతిన్నదని తేలితే స్లీవ్‌ని బైపాస్‌గా మార్చుకోవడానికి ఒప్పుకున్నాను. లేదంటే మాత్రతోనే నెట్టుకొస్తాను. తోడు వస్తానంది అక్క. "ఈసారి ఫారం నేను నింపుతాను, నువ్వు నోటితో చెప్పు" అంది.