పెంజాన్స్ జూబిలీ కొలను: సముద్రపు ఒడ్డున తొంభయ్యేళ్ల ఈత

హైదరాబాదు నుంచి ఇంగ్లండు వెళ్లేవారిలో ఎక్కువమంది లండను చుట్టుపక్కల తిరిగి, మహా అయితే స్కాట్లండు చూసి వెనక్కి వస్తారు. దేశానికి నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ వైపు వెళ్లేవారు తక్కువ. గచ్చిబౌలి, సికింద్రాబాదు కొలనుల్లో క్లోరిన్ వాసన మధ్య ఈత నేర్చుకున్న మాకు, అక్కడి పెంజాన్స్ పట్టణంలో సముద్రపు నీటితోనే నిండే జూబిలీ కొలనును చూడాలని చాలాకాలంగా ఉండేది.

హీత్రోకు మన ఊరి నుంచి నేరుగా విమానం ఉంది. లండనులోని ప్యాడింగ్టన్ స్టేషను నుంచి పెంజాన్స్‌కు పగటి రైలులో దాదాపు ఐదు గంటలు పడుతుంది. నైట్ రివియెరా అనే రాత్రి బండి కూడా ఉంది కానీ శనివారం రాత్రి నడవదు. రాత్రి బండిలో బెర్తు తీసుకుంటే హోటలు అద్దె కలిసివస్తుంది. అయితే దారిలో డాలిష్ అనే తీరపట్టణం దగ్గర పట్టాలు సముద్రపు గోడను ఆనుకుని సాగే దృశ్యం చీకట్లో కలిసిపోతుంది కనుక, వెళ్లేటప్పుడు పగటి బండి, తిరుగు ప్రయాణానికి రాత్రి బండి ఎంచుకోవడం మేలు.

బ్యాటరీ రాక్స్ అనే రాతి గుట్టల దగ్గర పట్టణవాసులు పూర్వం నుంచే సముద్రస్నానం చేసేవారు. ఆ రాళ్ల మీదే పురపాలక ఇంజనీరు కెప్టెన్ ఫ్రాంక్ లేథమ్ ఈ కొలనును రూపొందించాడు. ఐదవ జార్జి రాజు పాలన రజతోత్సవం జరిగిన 1935లో, మే 31న దీన్ని ప్రారంభించారు; పేరు కూడా ఆ ఉత్సవం నుంచే వచ్చింది. నీటి మీద వాలుతున్న సముద్రపు కాకిని చూసి లేథమ్‌కు ఈ ఆకారం తట్టిందని చెబుతారు. ఆ కథ ఎలా ఉన్నా, ఇంజనీరు లెక్క మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది: చతురస్రంగా కట్టి ఉంటే అలలు గోడను ఎదురుగా గుద్దేవి, త్రికోణంగా, వంపు గోడలతో కట్టడం వల్ల వాటి దెబ్బ పక్కలకు జారిపోతుంది. తెల్లటి గోడలూ నీలి అంచులూ మెట్ల వరుసలూ ఆర్ట్ డెకో అనే ఆనాటి నిర్మాణ శైలికి చెందినవి.

విదేశాల్లో చవకగా సెలవులు గడిపే రోజులు వచ్చాక బ్రిటన్‌లో ఇలాంటి ఆరుబయటి కొలనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఇది కూడా శిథిలమవుతుంటే 1990ల్లో స్థానికులు పట్టుబట్టి కాపాడుకున్నారు, రక్షిత కట్టడంగా గుర్తింపూ దక్కింది. అంతలో 2014 ఫిబ్రవరి తుఫానులు వచ్చాయి. డాలిష్‌లో రైలు పట్టాల కింది గోడను కోసేసిన ఆ నెలలోనే ఈ కొలను కూడా తీవ్రంగా దెబ్బతింది. సుమారు 30 లక్షల పౌండ్లతో బాగుచేసి 2016లో తిరిగి తెరిచారు. ఆ తర్వాత నిర్వహణ ప్రజా సంఘం చేతికి వచ్చింది. ఆ సంఘం ప్రజలకు వాటాలు అమ్మితే 5 లక్షల పౌండ్లకు పైగా పోగయ్యాయి. మన దగ్గర ఇలాంటి కట్టడం ఏదైనా ముందు కార్పొరేషను ఫైళ్లలో నలిగి, తర్వాత ఏ కాంట్రాక్టరు చేతికో వెళ్లేదేమో.

ఆ డబ్బుకు ఐరోపా నిధులూ తోడై 410 మీటర్ల లోతు బావి తవ్వారు. అంటే 1,300 అడుగులు దాటిన బోరు; మన కాలనీల్లో అంత లోతుకు వెళితే చుక్క నీరు దొరుకుతుందో లేదో గానీ, అక్కడ గ్రానైటు రాతి వేడిని పైకి తెచ్చి, హీట్ పంపుల సాయంతో కొలనులో ఒక భాగాన్ని దాదాపు 35 డిగ్రీల దాకా వెచ్చబరుస్తున్నారు. 2020 సెప్టెంబరులో తెరిచిన ఈ భాగం బ్రిటన్‌లో భూగర్భపు వేడితో నడిచే తొలి సముద్రపు నీటి ఆరుబయటి కొలను.

వసతికి అలెగ్జాండ్రా రోడ్డులోని అతిథిగృహాలు అనుకూలం, కొలనుకు నడిచి వెళ్లవచ్చు. మేము దిగిన ఇల్లు శుభ్రంగా ఉంది కానీ లిఫ్టు లేదు. హైదరాబాదీల పెట్టెల బరువుకు ఆ ఇరుకు మెట్లు పెద్ద పరీక్ష. శాకాహారులకు ఆ ప్రాంతపు పేస్టీల్లో (లోపల కూరిన పదార్థంతో కాల్చిన పిండివంట) చీజు, ఉల్లిపాయ రకం దొరుకుతుంది; సంప్రదాయ రకంలో గొడ్డు మాంసం ఉంటుంది కనుక అడిగి తీసుకోవాలి. కారం ఆశించకండి.

వేడి భాగానికి టికెట్టు ఖరీదు ఎక్కువ, సమయం కూడా ముందుగా బుక్ చేసుకోవాలి. ఆ సుఖం కాదనలేనిది. అయినా లేథమ్ గోడల మధ్య కొలను పొడవు మొత్తం ఈదాలంటే చల్లటి పెద్ద కొలనులో దిగాల్సిందే. వేసవిలో సైతం మొదటి నిమిషం ఊపిరి ఆడనివ్వదు, తర్వాత ఒంటికి అలవాటవుతుంది. ఈత బాగా వచ్చినవారు జులై, ఆగస్టు నెలల్లో వెళ్లి అందులోనే దిగాలని నా అభిప్రాయం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే వేడి భాగానికే డబ్బు పెట్టండి.