లూదియ పిలుపా, చెరసాల నాయకుడి పిలుపా: ఏది మేలు?

సాక్ష్యాల కూడికలో తాగుడు మానేసినవారు, చావు అంచుదాకా వెళ్లొచ్చినవారు మైకు పట్టుకుంటే హాలంతా స్తోత్రాలే. ఆ తర్వాత, చిన్నప్పటి నుంచీ సండే స్కూల్లో పెరిగిన అమ్మాయిని లేపితే "నాకు చెప్పుకోదగ్గ సాక్ష్యం ఏమీ లేదండీ" అని కూర్చుండిపోతుంది. అసలు దేవుడు నన్ను పిలిచాడా లేదా అని లోపల టెన్షన్ వేరే. అలాంటివాళ్లు బైబిల్లోని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం నిదానంగా చదవాలి. ఊరు ఒక్కటే, ఫిలిప్పీ. బోధకుడూ ఒక్కడే, పౌలు. పిలుపులు మాత్రం రెండు రకాలు.

లూదియది తుయతైర. ఊదారంగు సరుకు అమ్ముకునే వ్యాపారి. విశ్రాంతి దినాన ఊరి ద్వారం బయట, నది ఒడ్డున ప్రార్థనకు చేరిన స్త్రీలలో ఆమె కూడా ఉంది. పౌలు కూర్చుని మాట్లాడాడు, అంతే. ఆమె ఏడ్చిందనీ, వణికిందనీ ఆ పుస్తకం రాసిన లూకా రాయలేదు. ప్రభువు ఆమె హృదయం తెరిచాడు, ఆమె శ్రద్ధగా వింది అని మాత్రమే రాశాడు. ఇంటివాళ్లతో సహా బాప్తిస్మం తీసుకుని, మా ఇంట్లో దిగాల్సిందేనని పౌలునూ అతని తోటివాళ్లనూ బలవంతం చేసింది.

చెరసాల నాయకుడి సంగతి అలా కాదు. అప్పటికి పౌలు, అతని తోటి బోధకుడు సీల దెబ్బలు తిని అతని చెరసాలలో ఖైదీలుగా ఉన్నారు. అర్ధరాత్రి భూకంపం, పునాదులు కదిలాయి, తలుపులన్నీ తెరుచుకున్నాయి, సంకెళ్లు ఊడాయి. చాలామంది ఇక్కడే ఆగిపోయి "ఆహా, ఎంత గొప్ప పిలుపు!" అంటారు. కానీ ఆ భూకంపం అతనితో చేయించిందేమిటి? ఖైదీలు పారిపోయారనుకుని, చచ్చిపోదామని కత్తి దూశాడు. అతన్ని ఆపింది పౌలు కేక: హాని చేసుకోవద్దు, మేమందరం ఇక్కడే ఉన్నాం! తమ కాళ్లకు బొండ (కాళ్లు బిగించే కొయ్య) వేసినవాడి ప్రాణం కోసం ఆ ఖైదీ పడిన ఆరాటం అది. అది విన్నాకే అతను దీపం తెమ్మని లోపలికి పరుగెత్తాడు, రక్షణ ఎలా అని అడిగాడు, ఆ రాత్రే వాళ్ల గాయాలు కడిగాడు. భూకంపం తెరిచింది జైలు తలుపులను. అతన్ని కదిలించింది మాత్రం ప్రేమగల మాటే.

అందుకే నన్నడిగితే లూదియ పిలుపే మేలు. ఆ మెత్తదనమే చెరసాల నాయకుడికీ అందింది, కాకపోతే అతనికి ముందు గుండె ఆగినంత పనయింది. పైగా విడుదలయ్యాక పౌలు సీలలు నేరుగా వెళ్లింది లూదియ ఇంటికే. సహోదరులను చూసి ధైర్యం చెప్పింది అక్కడే.

అయితే మెత్తటి పిలుపుకు ఒక చిక్కుంది. తర్వాత చూద్దాంలే అనడం తేలిక. తర్వాతి కాలంలో పౌలు మళ్లీ ఖైదీ అయినప్పుడు, రోమా అధిపతి ఫేలిక్సు అతని మాటలకు భయపడ్డాడు కూడా, అయినా సమయం చూసుకుని మళ్లీ పిలిపిస్తానన్నాడు. అన్నట్టే చాలాసార్లు పిలిపించుకుని మాట్లాడాడు, లంచం దొరుకుతుందేమోనని. రెండేళ్లయ్యాక అతని స్థానంలోకి ఫేస్తు వచ్చేనాటికి పౌలు ఇంకా బంధకాల్లోనే ఉన్నాడు.