ఓర్లాండో సీవరల్డ్: పట్టాల మీద సొరచేప, కొలనులో ఓర్కా

విజయవాడలోనూ గుంటూరులోనూ పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్లకు లెక్క లేదు. వారిని చూడటానికి వెళ్లిన తల్లిదండ్రులకు న్యూయార్క్, నయాగరా ముగిసిన తరువాత ఏదో ఒక సెలవుల్లో ఫ్లోరిడా ప్రయాణం వచ్చి తీరుతుంది. ఓర్లాండోలో డిస్నీకి, యూనివర్సల్‌కు ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటారు గాని, సీవరల్డ్ పేరు ఎత్తగానే మాట రెండుగా చీలుతుంది. పిల్లలు రైడ్ల కోసం వెళ్దామంటారు. తిమింగలాలను తొట్టెలో పెట్టి ఆడించే చోటికి డబ్బు కట్టడమేమిటని పెద్దవాళ్లలో ఎవరో ఒకరు అడ్డుపడతారు. మా అమ్మాయి ఇంట్లో కూడా ఈ వాదన చాలాసేపు నడిచింది. వెళ్లి చూసిన మీదట నాకు తోచింది ఏమిటంటే, ఒకే టికెట్టు మీద అక్కడ రెండు పార్కులు నడుస్తున్నాయి. ఇనుముతో చేసిన జంతువులున్న పార్కు మొదటిది, ప్రాణమున్న జంతువుల పార్కు రెండవది. సముద్రంలో తిరిగే ప్రాణి వేగాన్నీ బలాన్నీ మనిషికి తెలియజెప్పడంలో మొదటిదే చాలా ముందుంది.

సీవరల్డ్ సంస్థ తన తొలి పార్కును 1964లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో తెరిచింది. ఓర్లాండో పార్కు 1973 డిసెంబరులో మొదలైంది. దశాబ్దాల పాటు జనం అక్కడికి వెళ్లింది ప్రధానంగా ఓర్కాల (కిల్లర్ వేల్ అని పిలిచే పెద్ద సముద్ర జంతువుల) ప్రదర్శన కోసమే. ఆ తరువాత 2000లో క్రాకెన్, 2009లో మాంటా, 2016లో మాకో, 2022లో ఐస్ బ్రేకర్, 2023లో పైప్‌లైన్, 2024లో పెంగ్విన్ ట్రెక్ వచ్చాయి. ఇవన్నీ రోలర్ కోస్టర్లే కాబట్టి, సంస్థ తన పెట్టుబడిని ఎటు మళ్లించిందో ఈ వరుసే చెబుతుంది. మాతృసంస్థ కూడా 2024లో యునైటెడ్ పార్క్స్ అండ్ రిసార్ట్స్ అని పేరు మార్చుకుంది. అందులో సముద్రం ఊసే లేదు.

ఈ రైడ్లన్నిటిలోనూ నేను అగ్రస్థానం ఇచ్చేది మాకోకు. దాని ఎత్తు 200 అడుగులు. మన బందరు రోడ్డులోని స్వరాజ్య మైదానంలో అంబేడ్కర్ విగ్రహం పీఠంతో కలిపి 206 అడుగులు ఉంటుంది కనుక, ఆ ఎత్తును రోజూ చూసే విజయవాడ వారికి మాకో మొదటి దిగుడు ఎంతటిదో వేరే వర్ణించి చెప్పనవసరం లేదు. గొలుసు శిఖరం దాకా లాగి వదిలిన తరువాత ఈ బండికి ఇంజను సాయం ఉండదు. మిగిలిన దారి అంతా ఆ ఎత్తు ఇచ్చిన శక్తితోనే పూర్తి కావాలి. ఇంటర్మీడియట్ ఫిజిక్సు చదివిన పిల్లలు లెక్క వేసి చూడవచ్చు. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, 61 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన రాయి నేలను తాకేటప్పటికి గంటకు సుమారు 124 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మాకో గరిష్ఠ వేగం గంటకు 117 కిలోమీటర్లు. అంటే ఇంతమందిని మోసే బండి దాదాపు వదిలేసిన రాయిలాగే పడుతోందన్నమాట. ఈ సంగతి పైన కూర్చున్నప్పుడు కాక దిగిన తరువాత గుర్తు రావడమే మేలు.

అయితే మాకో గొప్పతనం మొదటి దిగుడుతో అయిపోదు. ఆ తరువాత వరుసగా వచ్చే గుట్టల మీద పట్టా వంపును ఎలా తీర్చారంటే, శరీరం తనంతట తాను పడే దానికన్నా త్వరగా సీటు కిందికి జారిపోతుంది, మనిషి ఒక్క క్షణం గాలిలో మిగిలిపోతాడు, తొడల మీది కడ్డీ ఒక్కటే అతన్ని పట్టి ఉంచుతుంది. తలకిందులు చేసే చుట్టు ఒక్కటీ లేదు, భుజాల మీద బరువైన బంధనం లేదు, కుదుపులు కూడా చాలా తక్కువ. స్విట్జర్లాండుకు చెందిన బోలిగర్ అండ్ మాబిల్లార్డ్ కంపెనీ కట్టిన కోస్టర్లకు ఈ నునుపుతనం వల్లనే పేరు వచ్చింది. మాకో అంటే సొరచేపల్లో అన్నిటికన్నా వేగంగా ఈదే జాతి. ఆగకుండా ఈదుతూ ఉండాల్సిన ఈ చేపను అక్వేరియంలో పెట్టి కొన్ని రోజులకు మించి బతికించగలిగిన వారు లేరు. తొట్టెలో ఎవరూ చూపించలేని ప్రాణిని ఇనుప పట్టా మీద ఇంత చక్కగా చూపించడం నాకు ఈ పార్కులో కనిపించిన అత్యంత తెలివైన పని.

ఒక పెద్ద టేకు చేప పేరు పెట్టుకున్న మాంటా కూడా ఇదే దారిలో నడుస్తుంది. ఇందులో సీట్లు తిరిగి మనిషిని బోర్లా వేలాడదీస్తాయి. ముఖం నేల వైపు, వీపు పట్టా వైపు ఉండగా 140 అడుగుల ఎత్తు నుంచి టేకు చేప ఈదినట్టుగా ఒరుగుతూ సాగుతుంది. మొదటి పెద్ద చుట్టులో అడుగుకు చేరేసరికి మనిషి వెల్లకిలా ఉంటాడు. అక్కడ ఛాతీ మీద పడే బరువు కొంచెం ఎక్కువే, కాబట్టి రైడ్ ఎక్కే ముందు కడుపు నిండా భోజనం చేయకపోవడం మంచిది. రైడ్‌కు ఆనుకొని ఉన్న అక్వేరియంలో నిజమైన టేకు చేపలు రెక్కలాడిస్తూ తిరుగుతుంటాయి. రైడ్ ఎక్కని వారు కూడా అందులోకి వెళ్లి చూడవచ్చు కనుక, మనవళ్ల సంచులు పట్టుకొని బయట నిలబడే తాతయ్యలకు, అమ్మమ్మలకు చల్లగా కూర్చునే చోటు దొరుకుతుంది.

క్రాకెన్ పాతదే అయినా ఏడు సార్లు తలకిందులు చేసి చూపిస్తుంది, పాదాల కింద నేల లేకపోవడం దాని ప్రత్యేకత. పైప్‌లైన్‌లో సర్ఫింగ్ పలక మీద నిలబడినట్టు నిలబడే ప్రయాణించాలి. కొత్తదనం ఉంది గాని మోకాళ్ల నొప్పులున్న వారికి నేను సిఫారసు చేయను. పెంగ్విన్ ట్రెక్ మాత్రం మధ్యస్థంగా, గంటకు 69 కిలోమీటర్ల వేగంతో పోయే కుటుంబ రైడ్. దిగగానే పెంగ్విన్లు ఉండే చల్లని గదిలోకి దారి తీస్తుంది. ఫ్లోరిడా ఎండలోంచి అందులోకి అడుగు పెట్టడమే ఒక సుఖం.

మన ఊళ్లలో వేసవిలో వెలిసే ఎగ్జిబిషన్లలో జెయింట్ వీల్, కొలంబస్ ఎక్కిన వారికి భయం అంటే ఏమిటో తెలియకపోదు. అక్కడి భయంలో సగం నట్లు సరిగ్గా బిగించారా లేదా అన్న అనుమానం నుంచి వస్తుంది. ఓర్లాండోలోని పెద్ద కోస్టర్లలో చక్రాలు పట్టాను పైనుంచి, పక్కనుంచి, కిందినుంచి మూడు వైపులా పట్టుకొని ఉంటాయి. ముందున్న భాగం ఖాళీ అయిందని సెన్సర్లు నిర్ధారించేదాకా రెండో బండిని అందులోకి వదలరు. విజయవాడ జంక్షన్లో పనిచేసిన రైల్వే ఉద్యోగులకు ఇది పరిచయమైన సంగతే, దీని పేరు కూడా బ్లాక్ పద్ధతే. యంత్రం మీద అనుమానం తొలగితే మిగిలే భయంలో ఆనందం ఎక్కువ.

ప్రాణమున్న జంతువుల విషయానికి వస్తే నా అభిప్రాయం ఇంత సూటిగా లేదు. ఓర్కాల స్టేడియంలో ఇప్పుడు జరిగే ప్రదర్శనలో శిక్షకులు నీటిలోకి దిగరు. ఓర్కాలు ఎలా వేటాడతాయో, తల్లి చుట్టూ కుటుంబాలుగా ఎలా బతుకుతాయో వ్యాఖ్యానంలో వివరిస్తుండగా అవి పైకి ఎగిరి, ముందు వరుసల వారిని తడిపి వెళతాయి. ఈ మార్పు వెనుక పెద్ద చరిత్ర ఉంది. 1983లో ఐస్‌లాండ్ సమీపంలో సుమారు రెండేళ్ల వయసులో పట్టుబడిన తిలికుమ్ అనే మగ ఓర్కా, 2010 ఫిబ్రవరి 24న ఈ పార్కులోనే తన శిక్షకురాలిని నీటిలోకి లాగి ఆమె మరణానికి కారణమైంది. అమెరికా కార్మిక భద్రతా విభాగం తీసుకున్న చర్యలు, 2013లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ రేపిన ఆగ్రహం కలిసి సంస్థ మీద ఒత్తిడి పెంచాయి. 2016 మార్చిలో ఓర్కాల సంతానోత్పత్తిని నిలిపివేస్తున్నట్టు సంస్థ ప్రకటించింది. తిలికుమ్ 2017 జనవరిలో చనిపోయింది. కాబట్టి ఇప్పుడు కొలనులో కనిపించేవి అక్కడి చివరి తరం.

వాటిని సముద్రంలో వదిలేస్తే సరిపోతుందని కొందరు అంటారు. ఐస్‌లాండ్ సముద్రంలోనే పట్టుబడిన కీకో అనే ఓర్కాను 1998లో అక్కడికే తీసుకువెళ్లి ఏళ్ల తరబడి అలవాటు చేశారు. అది 2002లో నార్వే తీరానికి చేరి, అక్కడ కూడా మనుషులనే వెతుక్కొని, 2003 డిసెంబరులో చనిపోయింది. కొలనులోనే పుట్టిన వాటి విషయంలో ఈ పని ఇంకా కష్టం. వదిలేయడం కష్టమన్న ఈ వాదనను నేను కాదనను గాని, ప్రదర్శనను మాత్రం ఆస్వాదించలేకపోయాను. ఓర్కా రోజుకు వంద కిలోమీటర్లకు పైగా ఈదగలదని తెలిసిన వారికి, ఎదురుగా ఉన్న కొలను వ్యాఖ్యాత చెప్పే ప్రతి వాక్యానికీ అడ్డం తిరుగుతున్నట్టు ఉంటుంది. మన దేశంలో ఇలాంటి ప్రదర్శన చూసే అవకాశం లేదు. 2013 మే నెలలో కేంద్ర ప్రభుత్వం డాల్ఫిన్లను ఆడించి చూపే డాల్ఫినేరియంల ఏర్పాటుకు అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలకు స్పష్టం చేసింది. డాల్ఫిన్లను మనుషులు కాని వ్యక్తులుగా పరిగణించి వాటికంటూ హక్కులున్నాయని గుర్తించాలని ఆ ఉత్తర్వులో పేర్కొన్నారు. ఆ నిర్ణయం సరైనదేనని ఓర్లాండో స్టేడియంలో కూర్చున్నప్పుడు నాకు మరింత గట్టిగా అనిపించింది.

ఇదే పార్కులో మానటీల విభాగం చూసి మాత్రం నేను పూర్తి తృప్తితో బయటికి వచ్చాను. మానటీ ఏనుగుకు దూరపు బంధువు, నీటి గడ్డి తిని బతికే సాధుజంతువు, మన మన్నారు సింధుశాఖలో కనిపించే డ్యుగాంగ్ కూడా ఈ వర్గానికే చెందుతుంది. ఫ్లోరిడాలో పడవల ప్రొపెల్లర్లు తగిలి వీటి వీపుల మీద లోతైన గాయాలవుతాయి. దానికి తోడు కాలుష్యం వల్ల నాచు పెరిగి, నీటి అడుగున గడ్డి నశించి, 2021 ఒక్క ఏడాదిలోనే ఆ రాష్ట్రంలో సుమారు 1,100 మానటీలు చనిపోయాయి. గాయపడిన వాటిని, చిక్కిపోయిన వాటిని తెచ్చి, వైద్యం చేసి, కోలుకున్న వాటిని తిరిగి నీటిలో వదిలే కేంద్రాల్లో సీవరల్డ్ ఒకటి. వీపు మీద ప్రొపెల్లర్ మచ్చలతో నెమ్మదిగా ఆకులు నములుతున్న జంతువును చూస్తే అది అక్కడ ఎందుకు ఉందో పిల్లలకు ఎవరూ వివరించనక్కరలేదు. దానితో ఎవరూ గంతులు వేయించరు. జనం మాత్రం ఇక్కడ పెద్దగా ఆగరు, ఓర్కాల వైపు పరుగెత్తే దారిలో తొంగిచూసి వెళ్లిపోతారు.

సముద్రపు తాబేళ్ల దగ్గర మన వైపు నుంచి వెళ్లిన వారు కొంచెం ఎక్కువసేపు నిలబడాలి. బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ట్రాలర్ వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయినవి కూడా మన తీరానికి కొట్టుకొస్తుంటాయి. వలలో నుంచి తాబేలు బయటపడే మార్గం అమర్చే పరికరం చాలాకాలంగా అందుబాటులో ఉంది. వేల మైళ్లు వెళ్లి ఆ జీవిని గాజు వెనుక చూసే గుంటూరు పిల్లవాడికి, అది ఇంటి నుంచి బస్సులో వెళ్లగలిగినంత దూరంలో గుడ్లు పెడుతుందన్న సంగతి పెద్దలు చెప్పాలి.

సీల్‌లకు దగ్గరి చుట్టాలైన సీ లయన్ల దగ్గర చేపలు కొని తినిపించవచ్చు. పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది, కొంగలకు ఇంకా బాగా నచ్చుతుంది. చేతిలోని చేప సీ లయన్‌కు చేరేలోపు అవి తన్నుకుపోతాయి. నాకు దీనిలో పెద్దగా తప్పూ కనిపించలేదు, పెద్దగా ఒప్పూ కనిపించలేదు.

అమెరికా వీసా లేని వారికి అబూ ధాబీలోని యాస్ ద్వీపంలో 2023 మేలో తెరిచిన సీవరల్డ్ దగ్గరి దారి. సంస్థ పార్కుల్లో ఓర్కాలు లేకుండా మొదలైనది ఇదే మొదటిది. అక్కడ కూడా మాంటా పేరుతో ఒక కోస్టర్ ఉంది, పార్కు దాదాపు అంతా కప్పు కిందే ఉంటుంది గనుక ఎండ బాధ ఉండదు. డాల్ఫిన్లు మాత్రం అక్కడా ఉన్నాయి.

ఓర్లాండోకే వెళ్లదలచిన వారు ముందుగా ఇంట్లో పిల్లల ఎత్తు కొలవాలి. మాకో, మాంటా, క్రాకెన్, పైప్‌లైన్‌లకు కనీసం 54 అంగుళాలు, అంటే నాలుగున్నర అడుగులు ఉండాలి. పెంగ్విన్ ట్రెక్‌కు 42 అంగుళాలు చాలు. అంగుళం తగ్గినా లోపలికి పంపరు, బతిమాలి ప్రయోజనం లేదు. రక్తపోటు, గుండె జబ్బు, నడుము లేదా మెడ నొప్పి ఉన్నవారు పెద్ద రైడ్ల జోలికి పోకూడదు. చీర కొంగు, చున్నీ, వదులు చెప్పులు రైడ్లకు పనికిరావు. జేబులోని ఫోను, కళ్లజోడు లాకర్లో పెట్టాలి, లాకరుకు రుసుము వేరు, పార్కింగుకు మరీ వేరు. వేసవిలో ఓర్లాండోలో మధ్యాహ్నం దాటగానే ఉరుములతో వాన రావడం మామూలు, మెరుపులు కనిపించగానే ఆరుబయటి రైడ్లన్నిటినీ ఆపేస్తారు. అందువల్ల గేటు తెరవగానే నేరుగా మాకోకు, దాని తరువాత మాంటాకు వెళ్లి, అక్వేరియాన్ని, పెంగ్విన్లను, మానటీలను వాన వేళకు ఉంచుకోవడం మంచిది. క్యూ తప్పించే అదనపు టికెట్టు సెలవు రోజుల్లో తప్ప కొననక్కరలేదు. ప్రవేశ టికెట్టును మాత్రం గేటు దగ్గర కాకుండా ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే ధరలో చెప్పుకోదగ్గ తేడా ఉంటుంది.