హాలోవీన్ పాత కాగితపు సరుకు: అమెరికా విక్రేత పంపిన పెట్టెపై సమీక్ష

పాత అగ్గిపెట్టె లేబుళ్లు, వైకుంఠపాళి పటాలు సేకరించే నాలాంటివారికి అమెరికాలో అక్టోబరు 31న దయ్యాల వేషాలతో జరుపుకునే హాలోవీన్ పండుగ విందుల కాగితపు సరుకు దూరపు వ్యవహారంగా తోచవచ్చు. కానీ ఒక్కసారి వాడి పారేయడానికి అచ్చువేసినది ఇంకా మిగిలి ఉండడమే రెండింటి విలువకూ మూలం. అక్కడి ఒక చిన్న విక్రేత దగ్గర కలగలుపు పెట్టె ఒకటి కొనగా, దసరాకు వచ్చిన మా తమ్ముని కొడుకు దాన్ని హన్మకొండకు తెచ్చి ఇచ్చాడు. ప్రతి వస్తువునూ రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, టేపు ఎక్కడా కాగితానికి తగలకుండా కట్టారు. ప్యాకింగుకు పూర్తి మార్కులు ఇవ్వవచ్చు.

అన్నిటిలో మేలైనది జోస్యం చెప్పే ఆట. 1900లో మొదలైన, కాగితపు అలంకరణలు చేసే అమెరికా సంస్థ బీస్టిల్ కంపెనీ ముద్ర దాని మీద ఉంది. నారింజ, నలుపు రంగుల అట్ట మధ్యలో ఇత్తడి రివెట్‌కు బిగించిన బాణాన్ని తిప్పితే అది ఒక అంకె దగ్గర ఆగుతుంది, ఆ అంకె ఉన్న కార్డులో పెళ్లి గురించో ప్రయాణం గురించో జోస్యం ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో హాలోవీన్ విందులు పెళ్లీడు యువతీయువకుల వేడుకలు కూడా కాబట్టి, ఈ జోస్యాలలో సగం వరుడు, వధువు చుట్టూనే తిరుగుతాయి. రివెట్ చుట్టూ బాణం రాసుకుని రంగు పోయిన సన్నని వలయం ఉంది. ఆట నిజంగా ఆడినదే అనడానికి అదే సాక్ష్యం, నాకు అది లోపంగా అనిపించలేదు. రెండు కార్డులు లేవని విక్రేత ముందే రాసి, ధర ఆ మేరకు తగ్గించారు. గవ్వలు పోతే చింతగింజలతో వైకుంఠపాళి ఆడుకోవచ్చు గాని, కార్డులు పోయిన ఈ ఆటకు మరో దారి లేదు, కనుక కొనేవారు ముందుగా అడగవలసింది కార్డుల లెక్కే.

ఉబ్బెత్తు అచ్చు నల్లపిల్లి బొమ్మ విషయంలో మాత్రం వివరణ తప్పు. దాన్ని 1920ల జర్మన్ పనిగా రాశారు. వెనుక చిన్న అక్షరాల్లో ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంది. ఆ దేశం ఏర్పడిందే 1949లో. ముద్ర చెరిగిపోయి ఉంటే అతినీలలోహిత టార్చి కొంత సాయపడేది, ఎందుకంటే కాగితానికి తెల్లదనం తెచ్చే రసాయనాలు సుమారు 1950 తర్వాతే విరివిగా వాడుకలోకి వచ్చాయి, అవి ఉన్న కాగితం ఆ వెలుగులో నీలంగా మెరుస్తుంది. మెరవనంత మాత్రాన పాతదని తేల్చలేము. ఫొటో పంపగానే విక్రేత వాదించకుండా సగం సొమ్ము తిరిగి ఇచ్చారు, అయినా పాత సరుకు అమ్మేవారు బొమ్మను ఒక్కసారి తిప్పి చూడకపోవడం వింతే.

కాగితపు సరుకు చేసిన మరో అమెరికా సంస్థ డెన్నిసన్ కంపెనీ ముడతల కాగితపు రుమాళ్లు మడత విప్పనివి, రంగు తాజాగా ఉంది. ఆ కంపెనీ 1909లోనే హాలోవీన్ అలంకరణల పుస్తకం వేసింది. అది దొరికితే రుమాళ్ల కంటే ఎన్నో రెట్లు పలుకుతుంది. తేనెపట్టులా విచ్చుకునే కాగితపు గుమ్మడికాయ ఒక పక్క ఎండకు వెలిసి, జిగురు ఊడి ఉంది. అడిగిన ధరకు తగదు. బీస్టిల్ తన పాత నమూనాలను తానే మళ్లీ అచ్చువేసి అమ్ముతోంది కనుక, కంపెనీ ముద్ర ఒక్కటే చూసి పాతదనుకోవడానికి వీల్లేదు.

విక్రేతలు అడిగే ధరను విలువ అనుకోకూడదు. అంతకుముందు అలాంటివి నిజంగా ఎంతకు అమ్ముడుపోయాయో చూడాలి. సెప్టెంబరు, అక్టోబరులలో ధరలు ఎక్కువ, కాబట్టి జనవరిలో బేరం చేయడం మంచిది. ఇక్కడి ఫ్రేము దుకాణాల్లో లామినేషన్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ వేడి, జిగురు తర్వాత ఆ కాగితానికి సేకరణ విలువ మిగలదు. వెనుక ఆమ్లం లేని అట్ట పెట్టి, వానాకాలపు చెమ్మ చేరని అల్మారాలో ఉంచితే చాలు.

ఆటల కోసం, రుమాళ్ల కోసం ఈ విక్రేత దగ్గర మళ్లీ కొంటాను. ఉబ్బెత్తు బొమ్మలకు వెనుకవైపు ఫొటో, తేనెపట్టు వస్తువులకు పూర్తిగా విప్పిన ఫొటో పంపితేనే డబ్బు కడతాను.